తినే సున్నం: పేఠా ముక్కలకి సరే, రోజూ మజ్జిగలో తాగొచ్చా?

పెన్నా ఒడ్డు | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. రెండు సంగతులు అడగాలి, రెండూ సున్నం గురించే.

మా పెరట్లో ఈ ఏడు బూడిద గుమ్మడికాయలు విరగకాశాయి. వడియాలు పెట్టాం, మజ్జిగ పులుసులో వేశాం, వీధిలో పంచాం, అయినా నాలుగు మిగిలాయి. ఆగ్రా పేఠా, అదే పాకంలో ఉడికించే గుమ్మడి ముక్కల మిఠాయి, చేద్దామని కూర్చున్నాను. పాకంలో వేసిన ముక్కలు పావుగంటకే గుజ్జయిపోయాయి. మేనత్తకి ఫోన్ చేస్తే "సున్నపు తేటలో నానబెట్టకుండా పేఠా ఏమిటే" అంది. కిళ్ళీ కొట్టు నుంచి చిన్న డబ్బా సున్నం తెచ్చాను గానీ తిండిలో వెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

రెండోదే నాకు అసలు టెన్షన్. ఆ డబ్బా చూసి అమ్మ "నా దగ్గర ఉందిగా, మళ్ళీ ఎందుకు కొన్నావు" అంది. ఆరా తీస్తే తెలిసింది, నెల రోజులుగా పొద్దున్నే మజ్జిగలో సున్నం కలుపుకుని తాగుతోందట. ఎవరో పంపిన వీడియోలో "గోధుమ గింజంత సున్నం రోజూ తీసుకుంటే ఎముకలు ఇనుములా అవుతాయి, మోకాళ్ళ నొప్పులు పోతాయి" అని చెప్పారట. అమ్మకి 61 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి నిజమే. పొద్దున థైరాయిడ్ మాత్ర, రాత్రి కాల్షియం మాత్ర కూడా వేసుకుంటుంది. గోధుమ గింజంతే వేస్తున్నావా అని అడిగితే చూపించింది. చిన్న చెంచాలో సగం ఉంది! నాలుక మంటగా ఉంటోందని కూడా అప్పుడే చెప్పింది.

తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. మాన్పించాలంటే అమ్మకి కారణం చెప్పాలి, ఊరికే వద్దంటే వినదు.

ల్యాబ్ కోటు | ఆదివారం, ఉదయం 9:15

నేను ఆహార సాంకేతిక శాస్త్రం చదివాను, తినుబండారాల పరిశ్రమలో పనిచేస్తున్నాను. ముందు ఒక మాటండీ, అమ్మగారి చేత ఈరోజే ఆపించండి. కారణాలు వరసగా చెబుతాను.

సున్నపురాయిని గానీ గుల్లల్ని గానీ కాలిస్తే వచ్చేది కాల్షియం ఆక్సైడ్. దానికి నీళ్ళు తగిలితే కుతకుతలాడి వేడెక్కి తడి సున్నం అవుతుంది, అదే కాల్షియం హైడ్రాక్సైడ్. ఆహారంలో కలిపే పదార్థాల అంతర్జాతీయ జాబితాలో దీని సంఖ్య 526. పులుపును సర్దడానికి, కాయముక్కల్ని గట్టిపరచడానికి వాడతారు. ఆహార ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ దీనికి ఇన్ని గ్రాములు మించకూడదని అంకె పెట్టలేదు, పనికి అవసరమైనంతే వాడాలంది. అంకె లేదంటే ఎంత తిన్నా ఫర్వాలేదని అర్థం కాదు. తయారీలో కలిసిన సున్నం చాలావరకు పులుపుతో కలిసి రూపం మారిపోతుంది, లేదా కడుగుతో పోతుంది. ఆ లెక్కన పెట్టిన నియమం అది. సున్నాన్ని సున్నంగానే మింగడం ఆ లెక్కలోకి రాదు.

పేఠా సంగతి. కాయల కణాల గోడల్లో పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. సున్నపు తేటలోని కాల్షియం ఆ పెక్టిన్ పోగుల మధ్య బంధాలు వేస్తుంది. అందుకే ముక్క పైపొర బిగుసుకుని పాకంలో ఉడికినా విడిపోదు. డబ్బాల్లో వచ్చే టమాటా ముక్కలకి ఇదే పని కాల్షియం క్లోరైడ్‌తో, అంటే 509తో చేయిస్తారు. మీరు నిశ్చింతగా చేసుకోవచ్చు. తినే రకం సున్నం కావాలి, తేట మాత్రమే వాడాలి, తర్వాత బాగా కడగాలి.

ఇక మజ్జిగ. ఇక్కడ లెక్క వెయ్యాలి. గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. అంత సున్నపు ముద్దలో సగం నీళ్ళే అనుకోండి. మిగతా 20లో కాల్షియం 54 శాతం, అంటే దాదాపు 11 మిల్లీగ్రాములు. అమ్మగారి వయసుకి రోజుకి వెయ్యి మిల్లీగ్రాములైనా కావాలి. వీడియోలో చెప్పినట్టు కచ్చితంగా గింజంతే తీసుకున్నా ఎముకలకి ఒరిగేదేమీ లేదు. అదే సగం చెంచా అయితే ముద్ద మూడు గ్రాములు దాటుతుంది, కాల్షియం 900 దాకా పోతుంది. దాని మీద మాత్ర, పాలు, పెరుగు. గింజంత అయితే ఉపయోగం లేదు, చెంచా అయితే కొలత లేని మందు. మధ్యలో ఎక్కడ ఆగాలో చేతికి తెలియదు.

అరటితోట | ఆదివారం, ఉదయం 11:02

ల్యాబ్ కోటు గారూ, మీ చదువు మీద గౌరవంతోనే రాస్తున్నాను. మా నాయనమ్మ 88 ఏళ్ళు బతికింది. భోజనం చేసిందంటే తాంబూలం పడాల్సిందే, రోజుకి నాలుగైదు సార్లు. చివరిదాకా బావి నుంచి నీళ్ళు తోడింది, ఒక్క ఎముక విరగలేదు. నేను కూడా రెండేళ్ళుగా మజ్జిగలో సున్నం తీసుకుంటున్నాను. మోకాలి నొప్పి తగ్గిన మాట నిజం. మజ్జిగలో కలిపితే అందులోని పులుపుతో సున్నం కాల్షియం లాక్టేట్ అవుతుందని ఒక కెమిస్ట్రీ మాస్టారు చెప్పారు. లాక్టేట్ డాక్టర్లు కూడా రాసేదే కదా? పెద్దల అలవాటుని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం బాధగా ఉంది.

ల్యాబ్ కోటు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

అరటితోట గారూ, మీ మాస్టారు చెప్పింది తప్పు కాదు. పుల్లటి మజ్జిగలో సున్నం పూర్తిగా కరిగి కలిస్తే లాక్టేట్ అవుతుంది. కానీ సున్నం నీళ్ళలో కరిగేదే తక్కువ, లీటరుకి గ్రామున్నర పైచిలుకు. ముద్ద వేసి రెండు తిప్పులు తిప్పితే చిన్న ఉండలు అలాగే మిగులుతాయి. సున్నపు నీళ్ళ పీహెచ్ 12 దాటుతుంది, అంటే చాలా ఘాటైన క్షారం. ఆ ఉండ నాలుకకో గొంతుకో అన్నవాహికకో అంటుకుంటే అక్కడ కాలుతుంది. పెన్నా ఒడ్డు గారి అమ్మగారి నాలుక మంట బహుశా అదే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కాల్షియం, క్షారం రెండూ కలిసి ఎక్కువ రోజులు ఒంట్లోకి వెళ్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. వంద ఏళ్ళ కింద కడుపులో పుండుకి పాలూ క్షారాలూ కలిపి ఇచ్చే వైద్యం ఉండేది, ఆ రోగుల్లో ఇది బయటపడింది. అందుకే మిల్క్ ఆల్కలై సిండ్రోమ్ అని పేరు. తైవాన్‌లో సున్నం పూసిన వక్క నమిలేవాళ్ళలోనూ ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, వాంతులు దీని లక్షణాలు. పెన్నా ఒడ్డు గారూ, అమ్మగారికి వీటిలో ఏదైనా ఉందేమో చూడండి. ఇంకోటి, థైరాయిడ్ మాత్రకి కాల్షియానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మాత్ర సరిగ్గా ఒంటబట్టదు.

మీ నాయనమ్మగారిది తాంబూలం. ఆకు వెనక చిటికెన వేలి కొసతో రాసిన సున్నం అది, చెంచాతో తాగింది కాదు. అదీ ఇదీ ఒకటి కావు.

బెల్లం బట్టీ | ఆదివారం, రాత్రి 8:20

అనకాపల్లి పక్క పల్లె మాది. మూడు తరాలుగా బెల్లం వండుతున్నాం. సున్నం పేరు వింటే భయపడేవాళ్ళ కోసం మా సంగతి చెబుతాను.

గానుగ నుంచి వచ్చిన చెరకు రసం కొంచెం పుల్లగా ఉంటుంది. ఆ పులుపుతోనే కాగబెడితే పంచదార విరిగిపోయి బెల్లం జిగటగా తయారవుతుంది, అచ్చు కట్టదు. అందుకే రసం వేడెక్కుతుండగా సున్నపు తేట పోస్తాం. పులుపు విరుగుతుంది, మురికి మడ్డిగా పైకి తేలుతుంది, దాన్ని తీసి పారేస్తాం. ఎంత పొయ్యాలి అన్నదే పనితనం. తక్కువైతే బెల్లం కారుతుంది, ఎక్కువైతే నల్లబడుతుంది, నోట్లో వేసుకుంటే తేడా రుచి తెలుస్తుంది. మా నాన్న రసం రంగు చూసే చెప్పేవాడు, ఇక చాలని. ఇప్పుడు నేను రంగు కాగితం ముంచి చూస్తున్నాను. నాన్నంత కన్ను నాకు లేదు.

జనం భయపడాల్సింది సున్నానికి కాదు, హైడ్రోస్‌కి. బెల్లం పసుపుపచ్చగా మెరవాలని చల్లే మందు అది. ముదురు రంగు బెల్లం కొనండి, మా లాంటి వాళ్ళం బతుకుతాం.

తాటివనం | ఆదివారం, రాత్రి 9:05

మాది నల్గొండ వైపు, గీత పని చేసే ఇల్లు. నీరా కోసం చెట్టుకి కట్టే కుండ లోపల సున్నం పూస్తాం. పూయకపోతే తెల్లారేసరికి పులిసి కల్లవుతుంది. సున్నముంటే పులియదు, తియ్యగా ఉంటుంది. తాటి బెల్లం వండాలన్నా ఈ నీరానే కావాలి. కుండ అడుగున తెల్లగా పేరుకుంటుంది, దాన్ని కదపకుండా పైతేట వంచుకోవాలి. అడుగుది ఎవరూ తాగరు. చిన్నప్పటి నుంచి మాకు చెప్పే మొదటి మాట అదే.

డాలస్ పిన్ని | సోమవారం, ఉదయం 6:10

ఇక్కడ టెక్సస్‌లో మెక్సికన్ కొట్లలో "కాల్" అని సున్నం పొట్లాలు అమ్ముతారు. మొదటిసారి చూసి ఆశ్చర్యపోయాను. మా పక్కింటావిడ మెక్సికో నుంచి వచ్చింది, వాళ్ళ అమ్మ పద్ధతి నాకు నేర్పింది. ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నం వేసిన నీళ్ళలో ఉడికించి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నే పై పొట్టు చేతికి ఊడి వస్తుంది. నాలుగైదు నీళ్ళు మార్చి కడిగి రుబ్బుతారు. ఆ పిండితో చేసిన రొట్టె విరగదు, ఆ వాసన వేరు. మామూలు మొక్కజొన్న పిండితో ఎంత ప్రయత్నించినా అలాంటి ముద్ద రాలేదు నాకు.

ఇది వేల ఏళ్ళ పద్ధతి. దీని వెనక పెద్ద కథ ఉంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది గానీ కట్టేసినట్టు ఉంటుంది, మన పేగులకి దొరకదు. సున్నం ఆ కట్టు విప్పుతుంది. గింజ యూరప్‌కీ అమెరికా దక్షిణ రాష్ట్రాలకీ చేరింది గానీ సున్నం పద్ధతి వెంట పోలేదు. మొక్కజొన్నే తిండిగా బతికిన పేదల్లో పెల్లగ్రా వచ్చింది. ఒంటి మీద పొక్కులు, విరేచనాలు, మతి తప్పడం, చివరికి చావు. అంటురోగమనే చాలామంది అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ 1910ల్లో ఇది తిండి లోపమని నిరూపించాడు.

మన దక్కనులో జొన్న తినే పేదల్లోనూ పెల్లగ్రా ఉండేది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం దాని మీద పనిచేసింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం ఒక కారణం కావచ్చని 1960లో రాశారు, ఆ తర్వాత దాని మీద చాలా చర్చ జరిగింది. ఇది చదివిన రోజు మా తాతగారి ఊరి జొన్న రొట్టెలు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

మెక్సికో వాళ్ళు కూడా సున్నం తాగరు. నానబెట్టి, కడిగి, పసుపుపచ్చగా మారిన ఆ నీళ్ళు పారబోస్తారు.

మామిడి సీజన్ | సోమవారం, ఉదయం 8:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడ్ కూడా కాల్షియందే కదా, ఇదీ అదీ ఒకటేనా?

ల్యాబ్ కోటు | సోమవారం, ఉదయం 8:52

కాదు. కాల్షియం కార్బైడ్‌కి చెమ్మ తగిలితే ఎసిటిలిన్ గ్యాస్ వెళ్ళిపోయి మిగిలేది సున్నమే, అంతవరకే చుట్టరికం. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి. మన దేశంలో పళ్ళు మగ్గబెట్టడానికి దాన్ని వాడటం నిషేధం. ఎథిలిన్ గ్యాస్‌కి మాత్రం పరిమితితో అనుమతి ఉంది.

రెప్పల కాపలా | సోమవారం, రాత్రి 10:40

కంటి ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ దిగి వచ్చి ఈ చర్చ చదివాను. తాగడం గురించి అందరూ రాశారు, ఇంట్లో సున్నం డబ్బా ఉండటం గురించి ఎవరూ రాయలేదు.

కిళ్ళీ కొట్లలో సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో, ట్యూబుల్లో వస్తుంది. పిల్లలకి అది ఆటవస్తువులా ఉంటుంది. గట్టిగా నొక్కుతారు, ఫట్‌మని పగిలి ముద్ద సూటిగా కంట్లోకి చిమ్ముతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక నాలుగేళ్ళ బాబుని నేను మర్చిపోలేను. వాళ్ళ నాయనమ్మ కన్ను తుడిచి, చల్లగా ఉంటుందని పాలు పోసి, ఆటో దొరికేదాకా ఆగి తీసుకొచ్చింది. ప్రేమతోనే చేసింది పాపం. ఆ గంటలోనే నల్లగుడ్డు మీద పొర తెల్లబడిపోయింది. యాసిడ్ పడితే పైపొర గడ్డకట్టి కొంతవరకు అక్కడే ఆగుతుంది. సున్నం అలా ఆగదు, కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది.

కంట్లో సున్నం పడితే ఆ క్షణమే కుళాయి కింద పెట్టి కన్ను తెరిచి పట్టుకుని అరగంట నీళ్ళు పోయండి. మంచినీళ్ళు దొరక్కపోతే ఏ శుభ్రమైన నీళ్ళయినా సరే. నలపొద్దు. పాలు, నెయ్యి, తేనె, ఆముదం ఏమీ వెయ్యొద్దు. రెప్ప లోపల ఉండలు ఇరుక్కుని ఉంటాయి కాబట్టి కడిగాక కూడా కంటి ఆసుపత్రికి తప్పకుండా వెళ్ళాలి. ముందు కడగడం, తర్వాతే ప్రయాణం.

పెన్నా ఒడ్డు గారూ, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా ఈ రాత్రే పైకి పెట్టండి.

పాత తాంబూలం | మంగళవారం, ఉదయం 5:55

అమ్మాయ్ పెన్నా ఒడ్డూ, నాకు 74. పెళ్ళిళ్ళకి వంట చేసిన చెయ్యి ఇది. ముక్కల పద్ధతి చెబుతాను, రాసుకో.

గోడలకి వేసే సున్నం తేవద్దు. అందులో ఏ మట్టి ఉందో, ఏ నీలిమందు కలిపారో తెలియదు. తినే సున్నం అని పేరు రాసి, మూత బిగించి ఉన్నది కొను. లీటరు నీళ్ళకి ఒక చెంచా సున్నం కలిపి కదపకుండా రెండు గంటలు ఉంచు. పైన తేరిన తేట మాత్రమే ఇంకో గిన్నెలోకి వంచు. అల్యూమినియం గిన్నె పనికిరాదు, సున్నం దాన్ని తింటుంది. స్టీలుదో పింగాణీదో తీసుకో. గుమ్మడి ముక్కలకి ఫోర్కుతో గాట్లు పెట్టి ఆ తేటలో ఆరేడు గంటలు ఉంచు. తర్వాత కడుగు. ఎన్నిసార్లు అని అడుగుతావు. ఎన్నిసార్లని లెక్క చెప్పను, పసుపు చెబుతుంది.

కడిగిన నీళ్ళు తెల్లటి గిన్నెలో కొంచెం తీసుకుని చిటికెడు పసుపు వెయ్యి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా చేస్తాం? పసుపులో సున్నం కలిపే కదా! నీళ్ళు ఎర్రబారితే సున్నం ఇంకా ఉన్నట్టు, మళ్ళీ కడుగు. పసుపు పసుపుగానే ఉంటే ముక్కలు పాకానికి సిద్ధం. మా అత్తగారు నేర్పింది. మా మనవరాలు కాలేజీలో ఇదే ప్రయోగం చేశామని చెప్పినప్పుడు ఆవిడే కళ్ళముందు మెదిలింది.

అరటితోట నాయనా, తాంబూలం నేనూ వేసుకునేదాన్ని. సున్నం ఇసుమంత ఎక్కువైతే నోరు పొక్కేది. అయిదేళ్ళ కింద నోట్లో తెల్లమచ్చ వచ్చింది. డాక్టరమ్మ చూసి వక్క మానెయ్యమంది, మానేశాను. ఆకు మీద మమకారం పోలేదు, వక్క, సున్నం లేకుండా సోంపుతో నములుతున్నాను.

ల్యాబ్ కోటు | మంగళవారం, ఉదయం 9:20

పాత తాంబూలం గారూ, పసుపు పరీక్షకి చేతులెత్తి నమస్కారం. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మా ల్యాబ్‌లో కాగితాలు కొంటాం, మీ వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది.

వక్క గురించి మీరు రాసింది అందరూ గట్టిగా పట్టించుకోవాలి. పొగాకు లేని తాంబూలం కూడా క్యాన్సర్ తెచ్చేదేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటిలో తేల్చింది. అందులో ప్రధాన దోషి వక్క. సున్నం పక్కనుండి దానికి దారి చేస్తుంది. ఖైనీలోనూ అంతే, సున్నం కలిపితే పొగాకులోని నికోటిన్ త్వరగా రక్తంలోకి పోతుంది.

ఒక హెచ్చరిక. కాయముక్కల్ని సున్నంలో నానబెట్టి పచ్చళ్ళు పెట్టేవాళ్ళు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా కడగాలి. పచ్చడిని కాపాడేది పులుపు. ముక్కలో సున్నం మిగిలితే ఆ పులుపుని విరిచేస్తుంది. గాలి చొరని సీసాలో పులుపు తగ్గితే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదముంది. అమెరికాలో ఇంట్లో నిల్వ పచ్చళ్ళు పెట్టేవాళ్ళకి ఒకటికి మూడుసార్లు, ప్రతిసారీ గంటసేపు మంచినీళ్ళలో నానబెట్టి కడగమని చెబుతారు.

అరటితోట | మంగళవారం, రాత్రి 7:45

నిన్నంతా మనసు ఒకచోట లేదు. ఈరోజు మా బావమరిది నగల కొట్టుకి వెళ్ళి, రోజూ నేను తీసుకునేంత సున్నం కాగితం మీద పెట్టి తూకం వేయించాను. గోధుమ గింజంతే అని రెండేళ్ళుగా నమ్ముతున్నాను. 410 మిల్లీగ్రాములు చూపించింది. పది గింజల ఎత్తు. మొదట్లో గింజంతే ఉండేదేమో, ఎప్పుడు పెరిగిందో నాకే తెలియలేదు.

మోకాలి నొప్పి తగ్గింది కూడా సున్నం వల్లేనా అని ఆలోచించాను. అదే నెలలో రాత్రి షిఫ్టు మానేశాను, పొద్దున్నే నడక మొదలుపెట్టాను. ఏది పనిచేసిందో చెప్పలేను. మూత్రపిండాల పరీక్షకి, కాల్షియం పరీక్షకి రక్తం ఇచ్చాను. సున్నం ఆపేశాను. మరి కాల్షియం దేంట్లో తీసుకోవాలి?

ల్యాబ్ కోటు | మంగళవారం, రాత్రి 8:30

పెద్ద మనసు మీది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. నువ్వుల్లో రకాన్ని బట్టి వెయ్యి దాటుతుంది గానీ అన్నేసి తినలేం, ఓ చిమ్మిలి ఉండ చాలు. ఒక గ్లాసు పాలలో 240 వరకు. మజ్జిగ మానకండి, సున్నం లేకుండా తాగండి. కాసేపు ఎండలో తిరగండి. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగ్గా పట్టదు.

పెన్నా ఒడ్డు | శుక్రవారం, సాయంత్రం 6:15

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మంగళవారమే అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కాల్షియం హద్దు దగ్గరగా ఉంది గానీ దాటలేదు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది. విటమిన్ డి బాగా తక్కువట, దానికి మందు రాశారు. సున్నం ఆపమన్నారు, కాల్షియం మాత్ర రాత్రికే ఉంచమన్నారు, థైరాయిడ్ ఆరు వారాల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. నాలుక మంట నిన్నటికి తగ్గింది.

అమ్మని ఒప్పించింది నేను కాదు, పాత తాంబూలం గారి పసుపు. మజ్జిగ కాకుండా ఉత్త నీళ్ళలో అమ్మ చెంచా సున్నం కలిపి, చిటికెడు పసుపు వేసి ముందు పెట్టాను. రక్తంలా ఎర్రబడింది. కాసేపు చూస్తూ కూర్చుని, "ఇదా నేను తాగుతున్నది" అంది. డబ్బా తనే తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

పేఠా నిన్న చేశాం. పసుపు నీళ్ళు అయిదో కడుగుకి రంగు మారలేదు. ముక్కలు గాజులా వచ్చాయి, ఒక్కటీ విరగలేదు. కాకపోతే మధ్యలో కొంచెం గట్టిగా ఉన్నాయి. పాత తాంబూలం గారూ, పాకంలో వేసే ముందు ఉత్త నీళ్ళలో ఎంతసేపు ఉడికించాలి?

పాత తాంబూలం | శుక్రవారం, రాత్రి 7:05

గడియారం చూడకు తల్లీ. ముక్క తెల్లదనం పోయి అద్దంలా అవతలి వైపు కనబడాలి, అప్పుడు దించు. మధ్యలో గట్టిగా ఉందంటే ముక్క మందంగా కోశావు. ఈసారి రెండు వేళ్ళ మందం మించనివ్వకు. రెండు గాట్లు ఎక్కువ పెట్టు.